కాలని మెత్త

మీ ఊరి జాతరలో హారతి పళ్ళెం జారి అమ్మవారి చీరకు నిప్పంటుకుందనుకోండి. చీర కాలింది, దండలు కాలాయి, అమ్మ కింద వేసిన మెత్త మాత్రం కాలలేదు. అప్పుడు మీరు చేతులు జోడిస్తారా, ఆ మెత్త ఎక్కడ కొన్నారని అడుగుతారా?

తొందరపడి జవాబు చెప్పకండి. చేతిలో పుస్తకం ఉన్నప్పుడు అందరూ రెండోదే అంటారు. పలక డప్పులు మోగుతుంటే, పక్కన నిలబడ్డ ముసలామె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఆ ప్రశ్న గొంతు దాటి రావడానికి కొంచెం మొండితనం కావాలి. నాకా మొండితనం మా నాయన ఇచ్చాడు. చిన్నప్పుడు తిరుపతిలో ఎక్కడ వాదోపవాదాల సభ జరిగినా నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో పరీక్ష పెట్టేవాడు. "ఎదుటోడి మాట వాడికంటే బాగా నువ్వు సెప్పగలిగితేనే వాదానికి పో. లేదంటే ఇంట్లో కూసో" అనేవాడు. ఆ ఒక్క నియమం వల్ల నేను చాలాసార్లు ఇంట్లో కూర్చున్నాను. ఈసారి మాత్రం కూర్చోలేదు.

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతుంటే రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా అక్క మెట్టిన ఊరు. ఎండలు ముదిరిన రోజుల్లో అక్కడ గంగజాతర చేస్తారు. ఆ ఊరి అమ్మ మట్టి అమ్మ. చెరువు మట్టిలో తరిగిన ఒరిగడ్డి కలిపి తొక్కి, కుమ్మరాయన ఆ వారంలోనే చేసి ఇస్తాడు. మొహానికి పసుపు, కళ్ళకు సున్నం, బొట్టుకు కుంకుమ, అంతే. జాతర ముగిసిన సాయంత్రం ఊరంతా తిప్పి నీళ్ళలో కలుపుతారు. ఆమెతో పాటు ఆమె కూర్చున్నదీ, తొడిగినదీ, కట్టినదీ అన్నీ నీళ్ళలోకే పోతాయి. అమ్మ వాడిన వస్తువును మనుషులు మళ్ళీ వాడకూడదని ఆ ఊరి పట్టుదల.

జాతర నాటికి చెరువు ఎండిపోతుంది కాబట్టి కొన్నేళ్ళుగా అమ్మను మా అక్క కుంటలో కలుపుతున్నారు. ఆ కుంట గురించి చెప్పాలి. పొలం దిగువన, వాన నీళ్ళు వచ్చి చేరే పల్లంలో అక్క పట్టుబట్టి తవ్వించుకున్న కుంట అది. దాంట్లో బొచ్చె, శీలావతి చేపలు పెంచుతుంది. పొద్దున్నే తవుడు ముద్ద పట్టుకుని గట్టు మీద నిలబడి చప్పట్లు కొడితే నీళ్ళు కుతకుతలాడతాయి. చేపలను పేరు పెట్టి పిలవదు గానీ తిట్టడం మాత్రం మనుషుల్ని తిట్టినట్టే తిడుతుంది. "నిన్న తిన్నెవు గదే, పక్కదాన్ని తిననీ!" అంటుంది. ఒకసారి బావ ట్రాక్టరు కడగబోతే చీపురు పట్టుకుని వెంటపడింది. ఆమెకంటూ ఉన్నది ఆ కుంట ఒక్కటే. మిగిలినవన్నీ ఇంటివి.

మా బావకు కొత్తదనం అంటే ప్రాణం. ఏటా అమ్మను ఒరిగడ్డి చుట్ట మీద కూర్చోబెట్టి ట్రాక్టరులో ఊరేగిస్తారు. గుంతల దారిలో ఆ చుట్ట కదిలి పోయినేడు అమ్మ ముక్కు కాస్త విరిగింది. ఊరి పెద్దాయన, అంటే బావకు పెదనాయన, ఏడాది పొడుగునా దాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నాడు. ఆ మాట పడలేక బావ ఈసారి తిరుపతి నుంచి ఒక లావుపాటి స్పాంజి మెత్త తెచ్చి, ఎర్ర గుడ్డ తొడిగి, "అమ్మకి కుదుపే తెలీకూడదు" అని సమర్పించాడు.

రెండో రోజు దీపాల వేళకు హారతి పళ్ళెం జారింది. చీర కొంగు భగ్గుమంది. దగ్గర్లో నీళ్ళు లేవు. పెద్దాయన చేతికందిన అంబలి కుండ ఎత్తి గుమ్మరించాడు. పొగ తగ్గాక చూస్తే చీర అంచు లేదు, ఎర్ర గుడ్డ సగం లేదు, మెత్త అంచున నల్లగా ముడుచుకుపోయి అట్లాగే ఉంది. అమ్మ మొహం మీద రాగి అంబలి కారుతోంది. ఒకామెకు పూనకం వచ్చింది. పలకలు మోగాయి.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోను.

"మేయ్, మీ బావ నేల మీద నడవడం ల్యా."

"కాలికి దెబ్బ తగిలిందా?"

"దెబ్బా పాడా! మహిమ తగిలింది."

జరిగిందంతా చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వింది కూడా. కానీ చివర్లో గొంతు తగ్గించింది. "ఈ పొద్దు సాయంత్రం ఆ మెత్తను పీకి ఇంటికింత పంచుతారంట. తాగే నీళ్ళ కుండలో ఏసుకుంటే పిల్లోళ్ళకు జరం రాదంట. మిగిలిందంతా అమ్మతో పాటు నా కుంటలోకే. మన్ను ఏస్తే నాకేం బాధ ల్యా, ఆకులేస్తే బాధ ల్యా. ఈ స్పాంజి ఏందో నాకు బుద్ధి పుట్టడం ల్యా. దాంట్లో ఏముండాదో కనుక్కో. అది నా సేపల్లో పడినాక కనుక్కుంటే ఏం లాబం?"

"బావ యాడ కొన్నాడు?"

"బస్టాండు కాడ సీట్లు కుట్టేవాని దెగ్గిర."

వెళ్ళాను. ఆటో సీట్లు, బండి సీట్లు కుట్టే చిన్న అంగడి. ఆయన మిషను తొక్కుతూనే మాట్లాడాడు.

"ఎర్ర గుడ్డ తొడిగిన మెత్తా? యాడ మర్సిపోతానమ్మా! సినిమా హాలు సరుకు అది. పాత హాలు పడగొట్టినప్పుడు కుర్సీలన్నీ నేనే ఎత్తుకొచ్చినా. కంప్లైంటు ఏమన్నా ఉందా?"

"కంప్లైంటు కాదు. పూజ చేస్తున్నారు."

"ఎవురికి?"

"మీ మెత్తకి."

మిషను ఆగింది. నా మొహం వంక కాసేపు చూసి, "మిగిలిన ముక్కలు ఇంగా ఉండాయి. వేరే గుళ్ళకేమన్నా కావాల్నా?" అన్నాడు.

అదే కుర్చీల మిగులు ముక్క ఒకటి, కొత్త స్పాంజి చుట్ట నుంచి కోసిన ముక్క ఒకటి అడిగి తీసుకుని పుత్తూరు బస్సెక్కాను. నవ్వు ఆపుకోలేకపోతున్నాను. పక్క సీటు ఆమె నా సంచిలోకి తొంగి చూసి సర్దుకుని కూర్చుంది.

ఇక్కడ నాయన నియమం పాటిస్తాను. ముందు ఎదుటి పక్షం. మామూలు స్పాంజికి నిప్పంటుకుంటే పెట్రోలు పోసినట్టు మండుతుంది. జనం కిక్కిరిసి కూర్చునే హాలులో, బస్సులో, విమానంలో అది ప్రమాదం. అందుకని మంటను అణిచే రసాయనాలను స్పాంజిలో, టీవీల ప్లాస్టిక్కు పెట్టెల్లో, వైర్ల తొడుగుల్లో కలుపుతారు. బీడీ ముక్క పడినా కుర్చీ రాజుకోదు. మనుషులు బయటపడతారు. ఇది మంచి ఆలోచనే. కలిపినవాళ్ళు దుర్మార్గులు కారు.

ఇప్పుడు మన పక్షం. ఈ రసాయనాల్లో చాలావాటిని స్పాంజికి అతికించరు, కలిపి వదిలేస్తారు, పిండిలో ఉప్పు కలిపినట్టు. స్పాంజి పాతబడి పొడి రాలుతుంటే అవీ రాలతాయి. దుమ్ములో కలుస్తాయి. దుమ్ము బట్టలకు, చేతులకు, ఇల్లు తుడిచిన గుడ్డకు అంటుకుని, ఉతికిన నీళ్ళతో కాలువకు, కాలువ నుంచి మురుగునీటిని శుద్ధి చేసే చోటికి పోతుంది. అక్కడ నీళ్ళు తేరుకుంటాయి, ఇవి తేరుకోవు. నీళ్ళంటే వీటికి గిట్టదు. పోయి అడుగు బురదను పట్టుకుంటాయి. బురదను ఎండబెట్టి పొలాలకు ఎరువంటారు. బురద పట్టని కొంచెం తేరిన నీళ్ళతో వాగులోకి పోతుంది. వాగు అడుగున ఒండ్రులో చేరితే పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది, చేప కొవ్వులో అది నిలవుంటుంది. వీటిలో కొన్ని శరీరంలోని గ్రంథుల పనిని చెడగొడతాయని తేలి చాలా దేశాలు వాటిని ఆపేశాయి. ఆపేసిన కాలానికి ముందు చేసిన కుర్చీలు మాత్రం మన మధ్యే కూర్చుని ఉన్నాయి. మన వాగులు కొన్ని పోయి పోయి పులికాట్ సరస్సులో కలుస్తాయి. తిరుపతిలో సినిమా చూసిన కుర్చీ పొడి అక్కడి జాలరి వలలోని చేపకు చేరకూడదని ఏ చట్టమూ కట్టేసి ఉంచలేదు.

ఒక్క మెత్తతో అక్క చేపలు తెల్లారేసరికి చచ్చి తేలుతాయని నేను అబద్ధం చెప్పను. తేలవు. అదే దీనితో వచ్చిన చిక్కు. చచ్చి తేలితే ఊరంతా నమ్మేది.

ఊరు చేరేసరికి బావ గుడి ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. నన్ను చూడగానే నిలబడి దండం పెట్టాడు, వెటకారంగా.

"రా మరదలా! నీ కోసరమే సూస్తుండా. మీ సభల్లో మాదిరి కర్పూరం నోట్లో ఏసుకుని సూపిస్తావా, నిమ్మకాయ కోసి రక్తం తెప్పిస్తావా? ఈ తూరి నీ పప్పులు ఉడకవు మే. ఊరంతా కండ్లారా సూసినారు."

"నేనూ నమ్ముతున్నా బావా. కాలలేదు, అది నిజం. ఎందుకు కాలలేదో కూడా నువ్వే సెప్పు."

"అమ్మ దయ."

పెద్దాయన అరుగు మీద నుంచి అన్నాడు, "కూసో అమ్మణ్ణీ. అంబలి తాగు. తగాదా తాగినాక."

అంబలి తాగాను. ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పెద్దాయన వాదాన్ని ఆయన ముందే నేను చెప్పాను. "మీ మాట ఇది గదా మామా. గుడ్డ కాలింది, చీర కాలింది, అమ్మను తాకిన మెత్త కాలలేదు. తాకినందువల్లే కాలలేదు. సరేనా?"

"నాకంటే బాగా సెప్పినావు" అన్నాడాయన.

"అయితే అమ్మను తాకని ముక్క కాలాల. కాలకపోతే?"

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. "కాలకపోతే సూద్దాం. ముందు కాల్సు."

అందరినీ గాలికి ఎగువన నిలబెట్టాను. ఆ పొగ పీల్చకూడదు. మీరెవరూ ఇంట్లో ఈ పని చేయకండి. రాతి మీద కొత్త స్పాంజి ముక్క పెట్టి అగ్గిపుల్ల అంటించాను. అది భగ్గున మండి, కరిగి, నల్లటి చుక్కలుగా రాతి మీద కారింది. ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. తర్వాత, బావ కొన్న మెత్త కూడా పాత హాలు కుర్చీలదేనని చెప్పి, సినిమా కుర్చీ ముక్క పెట్టాను. పుల్ల ఆనించినంతసేపూ పొగ వచ్చింది, అంచు ముడుచుకుంది. పుల్ల తీశాను. మంట ఆరిపోయింది. మళ్ళీ అంటించాను. మళ్ళీ ఆరింది. చివరికి బావే అగ్గిపెట్టె లాక్కుని పుల్ల మీద పుల్ల గీశాడు. ఆ ముక్క ఆయన మాట కూడా వినలేదు.

అప్పుడు బావ తల గోక్కుని అన్నాడు, "అయితే అమ్మ సినిమాకి పోయినట్టుండాది!"

ఊరు ఊరంతా నవ్వింది. పూనకం వచ్చినామె అందరికంటే గట్టిగా నవ్వింది. నేను గెలిచాననుకున్నాను. పెద్దాయన మాత్రం నవ్వు ఆగేదాకా ఆగి నెమ్మదిగా అన్నాడు.

"పోతే పోయింటాది. అమ్మ లేని తావు యాడుండాది అమ్మణ్ణీ? గుళ్ళో ఉండాది, హాల్లో ఉండాది. రెండు ముక్కలకీ ఆమె దయే."

ఇదీ మన వాదాల సంగతి! అన్నిచోట్లా ఉన్నదాన్ని ఏ అగ్గిపుల్లతో పరీక్షించాలి? ఏ పరీక్షకూ ఓడని మాట ఏ పరీక్షలోనూ గెలవలేదని నేను గొంతెత్తి చెప్పాను. నోరు ఎండిపోయేదాకా చెప్పాను. స్పాంజి, దుమ్ము, బురద, చేప, అన్నీ చెప్పాను. "ఈ మెత్తలో ఫలానా రసాయనం ఉందని నేను సెప్పలేను. మంటను అణిచేది ఏదో ఉండాదని మాత్రం మీరే సూసినారు" అన్నాను. కొందరు తలూపారు. కొందరు పొద్దు చూసుకున్నారు. పెద్దాయన చిరునవ్వుతో అరుగు మీదే ఉన్నాడు. ఊరేగింపుకు వేళవుతోంది. మెత్తను పీకడానికి బావ ఎర్ర గుడ్డ విప్పుతున్నాడు.

అప్పుడు అక్క వచ్చింది. అంతదాకా ఆమె జనం వెనకాల నిలబడి ఉంది. దేవుడి ఊసు ఎత్తలేదు, నా ఊసూ ఎత్తలేదు. పెద్దాయన ముందు నిలబడి ఒకటే అడిగింది.

"మామా, కాలనిది కరుగుతాదా?"

"ఏంది?"

"పోయినేడు టౌను నుంచి రంగులేసిన బొమ్మ తెస్తామన్నోళ్ళను నువ్వే గదా ఎనక్కి తోలినావు? ఏమన్నావప్పుడు? అమ్మ సందేళకి నీళ్ళలో దిగితే పొద్దున్నకి నీళ్ళై పోవాల అన్నెవు. కరగనిది అమ్మ కాదు, అమ్మతో పోయేది కాదు అన్నెవు. మరి ఇది?"

పెద్దాయన నవ్వు కాస్త సర్దుకుంది. "కరగదా?"

"నాకేం తెలుసు? ఏసి సూడండి."

అక్క బక్కెట్టు నిండా నీళ్ళు తెచ్చింది. కుమ్మరాయన మిగిల్చిన మట్టి ముద్ద ఒకటి, నా సంచిలోని సినిమా కుర్చీ ముక్క ఒకటి వేసింది. మట్టి అంచుల వెంట మెత్తబడి, చూస్తుండగానే విడిపోయి, నీళ్ళు ఎర్రబడ్డాయి. స్పాంజి తేలింది. పెద్దాయన వేలితో లోపలికి అదిమాడు. వేలు తీశాడు. టపుక్కున పైకొచ్చింది. మళ్ళీ అదిమాడు. మళ్ళీ వచ్చింది. ఒక అవ్వ బోసినోటితో, "నువ్వు దిగు సామీ ముందు, అది ఎనకమాలే వస్తాది!" అంది. ఈసారి పెద్దాయన కూడా పగలబడి నవ్వాడు.

"తేలేది పైకి కనపడతాది మామా, తీసి పారేయొచ్చు. దాంట్లోంచి కనపడకుండా దిగేది కూడా అంతే, కరిగి మాయం కాదు. నా భయం దానికే" అన్నాను నేను.

ఆయన తడి చెయ్యి పంచెకు తుడుచుకుని, బావ వైపు తిరిగి తీర్పు చెప్పాడు. "అమ్మతో పోయేది కరగాల. కరగంది గట్టు మీదే ఉండాల. కుంటలోకి వద్దు, కుండల్లోకి వద్దు. ఒరిగడ్డి సుట్ట తేరా!"

"మళ్ళా ముక్కిరిగితే నన్ననొద్దు!" అని బావ గడ్డి వామి దగ్గరికి పరుగెత్తాడు.

నేను ఆ తీర్పును నా వాదంతో గెలవలేదు. వాళ్ళ ఆచారంలోనే ఒక పరీక్ష ఉంది. అక్క దాన్ని బయటికి తీసింది. సంస్కరణ అంటే పాతదాన్నంతా పీకి పారేయడమే అనుకునే మిత్రులకు ఈ మాట నచ్చదు. నచ్చకపోతే పోనీ! మట్టి మట్టిలో కలవాలన్న మాటలో ఏ మూఢనమ్మకమూ లేదు, దాన్ని ఎవరు చెప్పినా సరే.

అమ్మ గడ్డి చుట్ట మీద కూర్చుని ఊరేగింది. ముక్కు విరగలేదు. విరగకుండా బావ దారి పొడుగునా ట్రాక్టరులో పక్కనే కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాడు. "పెండ్లిలో మా అక్కని కూడా ఇంత బద్రంగా పట్టుకోలేదు బావా" అంటే, "ఆమె పట్టుకోనిస్తే గదా!" అన్నాడు. పొద్దు వాలుతుండగా కుంటలోకి దించారు. పసుపు నీళ్ళలో పరుచుకుంది. గడ్డి విడిపోయి తేలింది. కాసేపటికి చేపలు గడ్డి పోచల కిందికి చేరి పొడవడం మొదలుపెట్టాయి. అక్క గట్టు మీద కూర్చుని, "నిదానంగా తినండి, అమ్మ యాడికీ పోదు" అని తిడుతోంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అంత హాయిగా నేను ఏ సభలోనూ కూర్చోలేదు.

మర్నాడు బావ కాలని మెత్తను మూట కట్టి తిరుపతి తీసుకుపోయి సీట్ల అంగడి ముందు పెడితే, ఆయన వద్దన్నాడు. చెత్త బండి వాళ్ళు ఎక్కించుకుంటామన్నారు, ఎక్కడికి పోతుందో చెప్పలేమన్నారు. మూట తిరిగి ఊరొచ్చింది. అది ఇప్పటికీ ట్రాక్టరు కొట్టంలో ప్లాస్టిక్కు గోతంలో కట్టి ఉంది. కాల్చకూడదు, నీళ్ళలో వేయకూడదు, పొలంలో పూడ్చకూడదు. పెద్ద మహిమే.

తొలకరి ముందు ఇంకొక సంగతి జరిగింది. మామిడికి ఎరువుగా టౌను మురుగు బురద తోలించుకుంటానని బావ అంతకు ముందే ఒక ట్రాక్టరు అతనికి చెప్పి ఉన్నాడట. మామిడి తోట ఎగువ, అక్క కుంట దిగువ. వానొస్తే తోటలో నీళ్ళన్నీ కుంటకే. నల్లటి పొడి నింపుకుని ట్రాక్టరు వచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను. బావ పిడికెడు తీసి ఒండ్రుమట్టిని చూసినట్టు నలిపాడు, వాసన చూశాడు. బాగుంది. అది చూడటానికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. అక్క గట్టు మీద నిలబడి చూస్తోంది. బావ ఆమె వైపు ఒకసారి చూసి, ట్రాక్టరు అతన్ని అడిగాడు.

"అప్పా, దీంట్లో ఏమేముండాదో పరీచ్చ సేసినారా?"

"తెలీదప్పా. ఇంతవరకూ నన్నెవురూ అడగలా."

"పోయి కనుక్కోని రా. కాగితం సూపిస్తే దించుకుంటా."

ట్రాక్టరు తిరిగి పోయింది. కాగితం ఇంకా రాలేదు. అక్క కుంట ఈ ఏడు కూడా నిండింది.

ఎవరూ అడగలేదన్నాడు. కాబట్టి మీరు అడగండి. మీ ఊరి మురుగు ఎక్కడ శుద్ధి అవుతుందో కనుక్కుని, ఆ బురద ఎవరి పొలానికి పోతోందో, మంటను అణిచే రసాయనాల కోసం దాన్ని పరీక్షించారో లేదో మీ పురపాలక సంఘానికి రాసి ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే పక్కింటివాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా ఆ బురదను ఒక్క తట్ట కూడా మీ పొలంలో దించుకోకండి.